కన్నోలి, కసాటా, గరిజె: ఒక తీపివంటకం చరిత్రలో సాక్ష్యమూ ఐతిహ్యమూ

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలలో ఐస్‌క్రీం అమ్మేచోట 'కసాటా' అనే పేరు తెలియనివారు తక్కువ. రంగురంగుల పొరలతో, అంచున పలచని కేకు ముక్కతో, పైన జీడిపప్పు పలుకులతో అర్ధచంద్రాకారంలో కోసి ఇచ్చే ఆ ఐస్‌క్రీంను పెండ్లి విందులలో కూడ వడ్డిస్తారు. ఈ పేరు మధ్యధరా సముద్రంలోని సిసిలీ ద్వీపానిది. ఆ ద్వీపంలో అసలు కసాటా ఐస్‌క్రీం కాదు. అది రికోటా అనే మెత్తని పాలవిరుగుడును చక్కెరతో నూరి, కేకు పొరల మధ్య ఉంచి, బాదం ముద్దతోను, పాకంలో ఊరిన పండ్లతోను అలంకరించే తీపివంటకం. దాని తోబుట్టువు కన్నోలి. గొట్టం ఆకారంలో గోలించిన పిండిరేకులో అదే రికోటాను నింపి తయారుచేస్తారు.

ఈ రెండు వంటకాలను గురించి ఒక మాట తరచుగా వినబడుతుంది. ఇవి అరబ్బులు సిసిలీకి ఇచ్చిన కానుకలని ముస్లిం రచయితలలో పలువురు, ఇటలీ రచయితలలో కొందరు ఒకే విధంగా చెబుతారు. ఈ మాటలో ఎంత సత్యమున్నది, ఎంత అలంకారమున్నది అని విచారించడం అనవసరమైన పని కాదు. రుజువులేని గొప్పను ఒక నాగరికతకు అంటగట్టితే, రుజువున్న గొప్పను సైతం వినేవారు నమ్మరు. నష్టం చివరకు ఆ నాగరికతకే కలుగుతుంది.

సిసిలీలో అరబ్బుల పాలన

క్రీ.శ. 827, అనగా హిజ్రీ 212లో, ఖైరవాన్ ఖాజీ అసద్ ఇబ్న్ అల్ ఫురాత్ నాయకత్వాన ఆఫ్రికా తీరంనుండి బయలుదేరిన సేన సిసిలీలోని మజారా వద్ద దిగినది. అసద్ మాలికీ ధర్మశాస్త్ర చరిత్రలో ప్రసిద్ధుడు. మరుసటి సంవత్సరమే సిరాక్యూస్ ముట్టడి కాలంలో మరణించినాడు. 831లో పలెర్మో, 878లో సిరాక్యూస్, 902లో తావొర్మీనా వశమైనవి. తరువాత నార్మన్లు వచ్చినారు. 1072లో పలెర్మోను, 1091లో చివరి కోట అయిన నోటోను పట్టుకున్నారు. అంటే ద్వీపంలో ముస్లింల రాజ్యాధికారం సుమారు రెండున్నర శతాబ్దాలపాటు సాగినది.

ఈ కాలపు ముఖ్యఫలం యుద్ధవిజయాలు కావు, వ్యవసాయం. చెరకు, పుల్లనారింజ, నిమ్మ, ప్రత్తి అరబ్బుల పాలనలో ద్వీపపు నేలలో పాదుకొన్నవి. వాటికి నీరు కావలెను. నీటితొట్టికి సిసిలీ రైతులు నేటికీ వాడే 'జెబ్బియా' అనే మాట అరబ్బీ 'జాబియా'యే. నీరుతోడే చక్రానికి వారి 'సేనియా' అరబ్బీ 'సానియా'యే. చెరువుల మీద, మోట బావుల మీద బ్రతికిన తెలంగాణ రైతుకు ఇందులోని అర్థం వేరే చెప్పనక్కరలేదు. నీరు వచ్చిన తరువాతనే చెరకు, చెరకు వచ్చిన తరువాతనే తీపి.

నార్మన్ రాజుల కాలంలో కూడ ముస్లింల పనితనానికి ఆదరణ తగ్గలేదు. రెండవ రోజర్ ఆస్థానంలో అల్ ఇద్రీసీ 1154లో తన భూగోళ గ్రంథాన్ని ముగించినాడు. ప్రపంచ పటాన్ని వెండి ఫలకంపై చెక్కించినాడు. 1184 చివర హజ్ నుండి తిరిగివస్తూ ఓడ ప్రమాదంలో చిక్కి మెస్సీనా తీరం చేరిన ఇబ్న్ జుబైర్, రెండవ విలియం రాజు ముస్లింలను ఎంతగా నమ్మేవాడో వర్ణిస్తూ, రాజుగారి వంటశాల పర్యవేక్షకుడు సైతం ముస్లిమేనని వ్రాసినాడు. ఆహార చరిత్రకు ఈ ఒక్క వాక్యం చాల విలువైనది. పాలకులు మారినా పాకశాల మారలేదని దీనివలన తెలుస్తున్నది.

పదాలు చెప్పే సాక్ష్యం

సంస్కృతంలోని 'శర్కర' పారశీకంలో 'షకర్', అరబ్బీలో 'సుక్కర్', ఇటలీ భాషలో 'జుక్కెరో' అయినది. మన 'చక్కెర' కూడ ఆ కుటుంబంలోనిదే. 'నారంగ' పదం అరబ్బీ 'నారంజ్' ద్వారా ఇటలీ 'అరాంచా'గా మారినది. మనకది నారింజ. పారశీకంలోని 'పిస్తా' అరబ్బీలో 'ఫుస్తుఖ్' అయి, సిసిలీ పల్లెలలో 'ఫస్తుకా'గా నిలిచినది. కన్నోలిపై అలంకారంగా ఉంచే మూడు వస్తువులూ, అనగా చక్కెర, పాకంలో ఊరిన నారింజతొక్క, పిస్తాపప్పు, ఈ పేర్లతోనే ద్వీపం చేరినవి. చక్కెర, నారింజ బయలుదేరిన నేల హిందూదేశమే. ఇందులో వివాదానికి తావులేదు. అరబ్బులు ఇచ్చినదేమిటి అన్న ప్రశ్నకు మొదటి నిశ్చితమైన సమాధానం ఇదే.

కోట, అంతఃపురం, గొట్టం

రెండవ సాక్ష్యంగా తరచు చూపబడేది ఒక కథ. సిసిలీ నడుమ కాల్తానిస్సెత్తా అనే పట్టణమున్నది. దాని పేరు 'ఖల్అతున్నిసా', అనగా స్త్రీల కోట, అనే అరబ్బీ మాటనుండి పుట్టినదనీ, అక్కడి అమీరు అంతఃపుర స్త్రీలు అరటిపండును తలపించే ఈ వంటకాన్ని కల్పించినారనీ చెబుతారు. ఈ కథకు అరబ్బుల కాలపు వ్రాతలో ఆధారం లేదు. పట్టణం పేరులో 'ఖల్అత్' అరబ్బీ పదమే అయినా, మిగిలిన భాగం 'నిస్సా' అనే పాత స్థలనామమనీ, అరబ్బీ మాట్లాడేవారు దానిని తమ భాషలో అర్థం వచ్చేలా పలికినారనీ చెప్పడమే సమంజసం. పేరు చూచి కథ పుట్టినది, కథనుండి వంటకానికి జన్మపత్రం వ్రాయబడినది. 'కసాటా' విషయమూ ఇట్టిదే. అరబ్బీ 'ఖస్ఆ', అనగా వెడల్పు గిన్నె, దానికి మూలమని ఒక వాదం. జున్నుకు లాటిన్ పేరైన 'కాసియుస్' మూలమని మరొక వాదం. రెండింటికీ పట్టు కలదు.

అయితే కథను కొట్టివేసినంత మాత్రాన అరబ్బుల వంటకు, కన్నోలికి సంబంధం లేదని కాదు. కథకంటె బలమైన సాక్ష్యం మరొకచోట నిలిచి ఉన్నది. పదమూడవ శతాబ్దికి చెందిన, కర్త పేరు తెలియని ఒక అందలూసీ పాకశాస్త్ర గ్రంథంలో 'ఖనానీత్' అనే వంటకమున్నది. పిండిని నూనెతోను, కొద్ది కుంకుమపువ్వుతోను కలిపి, పలచగా ఒత్తి, రెల్లు గొట్టాలకు చుట్టి, నూనెలో గోలించి, గొట్టం తీసివేసి, లోపల బాదం, అక్రోటు, పిస్తా పప్పుల పొడిని తేనెతోను సుగంధద్రవ్యాలతోను కలిపి నింపాలని అందులో వివరింపబడినది. చివరలో రెండు కొసలయందు పిస్తాపప్పునో, చిల్గోజా వంటి పప్పునో నిలపాలని కూడ చెప్పబడినది. నేడు పలెర్మోలో కన్నోలి రెండు కొసలను పిస్తా పలుకులతో అలంకరించడం చూచినవారికి ఈ వర్ణన ఆశ్చర్యం కలిగించక మానదు. కన్నోలి పేరు కూడ రెల్లు అనే అర్థంగల 'కన్నా' నుండి వచ్చినదే.

కనుక మూడు విషయాలు వేరుచేసి చూడవలెను. చక్కెర, నారింజ, పిస్తా అరబ్బుల ద్వారానే సిసిలీకి అందినవి. రెల్లుకు చుట్టి గోలించిన గొట్టం పదమూడవ శతాబ్దిలో పశ్చిమ అరబ్బు వంటశాలలో ఉన్నదనుటకు లిఖిత సాక్ష్యమున్నది. కాని ఆ గ్రంథంలో నింపినది పప్పుల ముద్ద, రికోటా కాదు. గొర్రెపాల రికోటా సిసిలీ కాపరుల సొత్తు. ఒకరి గొట్టంలో మరొకరి పాలు చేరినవి. నేటి వంటకం ఆ కలయిక ఫలితం.

ఈ కలయికకు మరొక ముఖం కూడ ఉన్నది. నేటి సిసిలీ కన్నోలి పిండిలో పరిపాటిగా పందికొవ్వు, మర్సాలా సారాయి కలుపుతారు. 'మర్సాలా' అరబ్బీలో రేవు అనే అర్థంగల 'మర్సా'తో మొదలయ్యే పేరు. ఆ రేవు పేరుతో ప్రసిద్ధమైన సారాయిని 1773లో వ్యాపారంలోకి తెచ్చినవాడు జాన్ వుడ్‌హౌస్ అనే ఆంగ్లేయుడు. అంటే ముస్లింలు కల్పించినదని కొందరు గర్వించే ఆ వంటకాన్ని, నేడున్న రూపంలో, ముస్లిం భుజించడానికి వీలులేదు. చరిత్రలో ఇటువంటి వింతలు అరుదు కావు.

పాలు విరగడం: రెండు మార్గాలు

రికోటా అనే మాటకు 'మరల వండినది' అని అర్థం. పాలను దూడ లేక గొర్రెపిల్ల కడుపులోని రసంతో పేరబెట్టి గట్టి జున్ను తీసిన తరువాత మిగిలే తేటను మరల కాచితే, అందులో కరగి ఉన్న మాంసకృత్తులు తెల్లని మెత్తని తునకలుగా పైకి తేలుతాయి. వాటిని జాలిగంటెతో తీసి బుట్టలో వడకట్టినదే రికోటా. పేరబెట్టే ఆ రసాన్ని అరబ్బీలో 'ఇన్ఫహా' అంటారు. చనిపోయిన జంతువునుండి తీసిన ఇన్ఫహా విషయంలో ధర్మశాస్త్రవేత్తలలో భేదాభిప్రాయమున్నది. ఇమాం అబూహనీఫా దానిని శుద్ధమన్నారు, ఇతర ఇమాములలో అధికసంఖ్యాకులు అంగీకరించలేదు.

తెలుగునాట ఈ మార్గం లేదు. ఇక్కడ 'జున్ను' అంటే ఈనిన పశువు మొదటి పాలను కాచి చేసినది. పాలు విరిగితే కీడని తలచే ఇండ్లు నేటికీ ఉన్నవి. కాని పాలను కావాలని విరిచి తీపివంటకం చేయడం దక్కనుకు క్రొత్త అనుకొనరాదు. కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో కూర్చిన 'మానసోల్లాసం'లో, కాగిన పాలలో పులుపు వేసి విరిచి, బట్టలో వడగట్టి, బియ్యపు పిండి కలిపి, రకరకాల ఆకారాలుగా చేసి నేతిలో వేయించి, చక్కెర పట్టించే 'క్షీరప్రకారం' అనే వంటకం వర్ణింపబడినది. ఆ కాలంలో అనుమకొండను ఏలిన కాకతి రెండవ ప్రోలుడు ఈ చాళుక్యులకు సామంతుడు. జనగామకు సమీపంలోని కొలనుపాక, నాటి కొల్లిపాక, చాళుక్యుల ముఖ్యస్థానాలలో ఒకటి. ఇబ్న్ జుబైర్ సిసిలీ చేరడానికి అర్ధశతాబ్దికి ముందే, నేటి జనగామ ప్రాంతానికి ప్రభువైన రాజు గ్రంథంలో విరిచిన పాలను గోలించి చక్కెర పట్టించే పద్ధతి వ్రాయబడి ఉన్నదన్నమాట. ఇది సిసిలీనుండి వచ్చినది కాదు, సిసిలీకి పోయినదీ కాదు. రెండు దేశాలు వేరువేరుగా కనుగొన్న విద్య.

ఇక్కడ ఒక సాంకేతిక భేదం గుర్తించవలెను. కాగిన పాలను పులుపుతో విరిచినపుడు, తేటలో మిగలవలసిన మాంసకృత్తులు కూడ వేడికి ముద్దలోనే చేరిపోతాయి. కనుక పనీరు నీటిని ఎంత కాచినా దానినుండి చెప్పుకోదగిన రికోటా రాదు. భూపాలపల్లిలోనో, మహబూబాబాద్‌లోనో కన్నోలి చేయదలచిన గృహిణి తేటను వెదుకుతూ కాలం వృథా చేయక, పాలనే మెత్తగా విరుచుకొనవలెను.

మూడు జిల్లాల వంటింటిలో

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరులో ప్రధానంగా పాత వరంగల్లు జిల్లానుండి ఏర్పడినవి. గణపతిదేవుని కాలపు కోటగుళ్ళున్న గణపురం భూపాలపల్లి జిల్లాలోనిది. మానుకోట అని ప్రజలు పిలిచే పట్టణానికి మహబూబాబాద్ అనే పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌ను తలపిస్తుంది. గొల్లకురుమల మందలు ఈ ప్రాంతంలో విస్తారం. అయితే దక్కను గొర్రెను ఇక్కడ మాంసానికి, గొంగడి నేతకు కావలసిన ఉన్నికి పెంచుతారు. పిల్ల తాగగా పిండుకొనుటకు మిగిలే పాలు స్వల్పం. ఇక్కడ తీపికి ఆధారం గేదెపాలు.

గోలించిన రేకులో తీపి నింపే వంటకం ఈ ప్రాంతానికి చిరపరిచితమే. కోస్తాలో కజ్జికాయ అనబడేదానిని తెలంగాణలో గరిజె అంటారు. పూరీ ఒత్తి, పుట్నాల పొడి, కొబ్బరి, చక్కెర లేదా కోవా పెట్టి, అర్ధచంద్రంగా మడిచి, అంచు నొక్కి గోలిస్తారు. గరిజెలో నింపిన తరువాత గోలిస్తారు, కన్నోలిలో గోలించిన తరువాత నింపుతారు. భేదమంతా ఇక్కడనే ఉన్నది. గరిజె పదిరోజులు నిలువ ఉంటుంది. కన్నోలి నింపిన గంటలోపుననే తినవలెను, లేనిచో తడికి రేకు మెత్తబడుతుంది.

పందికొవ్వు, సారాయి లేకుండ ఈ వంటకం చేయడం కష్టం కాదు. కొవ్వు చేసే పని నెయ్యి చేస్తుంది, సారాయిలోని పులుపు పనిని సిర్కా చేస్తుంది. పావుకిలో మైదాలో 30 గ్రాముల నెయ్యి, చెంచాడు చక్కెర, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల సిర్కా వేసి, తగినన్ని నీళ్ళతో గట్టిగా కలిపి గంటసేపు తడిబట్ట కప్పి ఉంచవలెను. తరువాత కాగితమంత పలచగా ఒత్తి, అరచేయి వెడల్పు వట్రువలుగా కోసి, నెయ్యి రాసిన సన్నని వెదురు గొట్టాలకు చుట్టి, అంచులను మైదా జిగురుతో అతికించవలెను. మధ్యరకం మంటపై కాగిన నూనెలో రెండు నిముషాలలో బుడగలు లేచి బంగారు రంగు వస్తుంది. చల్లారిన తరువాత గొట్టాన్ని మెల్లగా త్రిప్పి తీయవలెను.

రికోటాకు బదులు, రెండు లీటర్ల గేదెపాలను పొంగు రాబోయేవరకు కాచి దించి, మూడు నాలుగు చెంచాల నిమ్మరసాన్ని నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా పోయవలెను. పెద్దగా కలియబెట్టరాదు, కలియబెడితే ముద్ద బిరుసెక్కుతుంది. పది నిముషాలు కదల్చక ఉంచి, పలచని బట్టలో పోసి, పిండకుండ వ్రేలాడదీయవలెను. రెండు గంటల తరువాత నాలుగువందల గ్రాములకు అటూ ఇటూగా మెత్తని ముద్ద మిగులుతుంది. దానికి వంద గ్రాముల మెత్తని చక్కెర కలిపి, జల్లెడ గుండా వత్తితే వెన్నవలె నునుపు తేలుతుంది. వడ్డించబోయేముందు మాత్రమే గొట్టాలలో రెండు వైపులనుండి నింపి, కొసలకు పిస్తా పలుకులు, నారింజతొక్క తునకలు అద్ది, పైన చక్కెరపొడి చల్లవలెను.

పెంబర్తి తట్ట

వంటకానికి సగం అందం వడ్డనలో ఉన్నదన్న సంగతి అందలూసీ గ్రంథకర్తకు తెలుసు. అందుచేతనే గొట్టం కొసన పిస్తాను నిలపమన్నాడు. జనగామ జిల్లావారికి ఆ విద్య దూరం కాదు. జనగామ ప్రక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి రేకు పనికి ప్రసిద్ధి. రేకును కాల్చి మెత్తబరచి, లక్కపై అమర్చి, ఉలితో సుత్తితో తీగలను, పూలను ఉబ్బెత్తుగా తీర్చే ఈ పనివారు విశ్వబ్రాహ్మణులు. కాకతీయుల కాలాన దేవతామూర్తులకు, రథాలకు తొడుగులు చేసిన ఈ చేతివిద్య రాజ్యం పడిపోయాక క్షీణించి, నిజాముల కాలంలో పాందానులు, అత్తరుదానులు, తట్టల రూపంలో తిరిగి ప్రాణం పోసుకున్నది. గుడికి తొడుగు చేసిన సుత్తియే నవాబు ఇంటి పాందానును చేసినది. భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన ఈ పనికి నేడు గిరాకీ ఎక్కువగా గోడకు వ్రేలాడే అలంకారాలలోనే ఉన్నది.

పులుపు తగిలిన పాలపదార్థాన్ని వట్టి ఇత్తడిలో ఉంచరాదు. చిలుము పట్టి విషమవుతుంది. అందుకే పూర్వం వంటపాత్రలకు, వడ్డన తట్టలకు తగరపు పూత వేయించేవారు. కొలిమి తిత్తి, నవాసారం, ప్రత్తి ఉండతో ఊరూరా తిరిగి ఆ పూత వేసిన కళాయివారిలో ముస్లింలు ఎక్కువ. ఒక తట్ట వడ్డనకు సిద్ధం కావడానికి విశ్వబ్రాహ్మణుని ఉలి, కళాయివాని నిప్పు రెండూ కావలసి వచ్చినవి. స్టీలు, ప్లాస్టిక్ పాత్రలు వచ్చిన తరువాత కళాయివాని కేక వీధులలో వినబడడం అరుదైనది. ఆ పూత లేనినాడు పెంబర్తి తట్ట కంటికి అలంకారమే గాని, అన్నానికి పాత్ర కాదు.

తీపి మిగిలినది, మనుషులు మిగలలేదు

సిసిలీ ముస్లింల కథ విషాదాంతం. 1220 దశకం మొదలు రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి వారిని ఇటలీలోని లుచేరాకు తరలించినాడు. చక్కెర తయారీ బాగుగా తెలిసినవారిని వెదికి పలెర్మోకు పంపుమని 1239లో అదే చక్రవర్తి వ్రాయవలసి వచ్చినది. తరిమినవారితోపాటు విద్య కూడ తరలిపోతుందని ఆ లేఖ చెప్పకయే చెబుతున్నది. 1300లో రెండవ చార్లెస్ లుచేరాను కూలద్రోసి, అక్కడివారిని బానిసలుగా అమ్మించినాడు. ఆ తరువాత వారి చరిత్రను గ్రంథస్థం చేయుటకు మికేలె అమారీ అనే సిసిలీ పండితుడు పూనుకొనవలసి వచ్చినది. 1854 నుండి 1872 వరకు వెలువడిన ఆయన గ్రంథం నేటికీ ప్రమాణం.

అంతఃపుర స్త్రీల కథ ఈ నిజాన్ని కప్పివేస్తుంది. సిసిలీలో చెరకు నాటినవారు, నీటితొట్లు కట్టినవారు, రాజు వంటశాలను నడిపినవారు పేరులేని రైతులు, పనివారు. వారికి దక్కవలసిన గౌరవాన్ని ఊహలోని ఒక అమీరు విలాసానికి ఇవ్వడం న్యాయం కాదు. చక్కెర, నారింజ, పిస్తా, రెల్లు గొట్టం వారివి. గొర్రెపాల రికోటా పొరుగు కాపరులది. ఇంతమాత్రం చెప్పితే చాలును, ఇది తక్కువ గొప్ప కాదు.

జనగామ విందులో కసాటా ముక్క తినేవారికి ఈ చరిత్ర తెలియకపోవచ్చును. కాని ఆ ముక్కలోని చక్కెర పేరు ఈ నేలనుండి బయలుదేరి, బగ్దాదు, పలెర్మో చుట్టి, మరొక తీపిపేరును వెంటబెట్టుకొని తిరిగి వచ్చినది. దానిని వడ్డించే తట్ట పెంబర్తిలో పుట్టి, కళాయివాని చేతిలో శుభ్రమైనదైతే, ఆ విందులో ఎవరి పాలు ఎంతో విడదీసి చెప్పడం ఎవరితరమూ కాదు.